చదివిన పాటలు, విన్న పుస్తకాలు

(హనుమకొండలో 2025 గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక రిటైర్డ్ తెలుగు టీచర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న పెద్దలకు, గ్రూప్స్ పుస్తకాలు మూసిపెట్టి కాసేపు నా మాటలు వినడానికి వచ్చి వెనక కూర్చున్న పిల్లలకు మరీ మరీ నమస్కారం. మీ టైమ్ ఎంత విలువైనదో నాకు తెలుసు. పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకోకపోతే రోజంతా మెట్ల మీద కూర్చుని చదువుకోవాలి. ఇందాక లోపలికి వస్తూ అలా మెట్ల మీద కూర్చున్న ఒక అమ్మాయితో పది నిమిషాలు మాట్లాడాను. ఆ సంగతి చివర్లో చెప్తాను.

కార్యదర్శి గారు పదిహేను రోజుల కిందట ఫోన్ చేసి, "మేడమ్, వారోత్సవాల్లో ఒకరోజు మీరు మాట్లాడాలి, గ్రంథాలయోద్యమ చరిత్ర చెప్పండి" అన్నారు. 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు మనది. ఆ చరిత్ర నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అందుకని, "ఈ మధ్య నేను చదివినవీ విన్నవీ చెప్తాను, పర్వాలేదా" అని అడిగాను. "విన్నవంటే?" అన్నారాయన. "పాటలు" అన్నాను. కాస్త ఆగి, "లైబ్రరీలో పాటలా మేడమ్?" అన్నారు. తప్పుగా అడగలేదు, నిజంగానే అడిగారు. అప్పటినుంచీ ఆ ప్రశ్న నాతోనే ఉంది. ఈ ఏడాది నేను ఇష్టంగా చదివిన పుస్తకాలన్నీ పాటల చుట్టూ తిరిగేవే. మనసు పెట్టి విన్న పాటలన్నీ కాగితం మీద రాసుకుని చదవాలనిపించినవే. రెండూ ఒకే అలమరలో ఉండాల్సినవని నా నమ్మకం.

ముందు పాటల సంగతి. మా మనవరాలు ఇంటర్ చదువుతోంది. ఈ పది రోజులుగా మా ఇంట్లో 'పెద్ది' సినిమాలోని 'చికిరి చికిరి' తప్ప ఇంకో పాట లేదు. రెహమాన్ బాణీ, మోహిత్ చౌహాన్ గొంతు. మొదటిసారి వినగానే నా కాలు కూడా కదిలింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ గొంతులో ఒక గరుకుదనం ఉంది, ఎండలో నడిచి వచ్చిన మనిషి గొంతులాగా. కానీ చరణంలో మాటలు పట్టుకోవడానికి నాకు నాలుగుసార్లు వినాల్సి వచ్చింది. "అమ్మమ్మా, మాటలు ఎందుకు, ఊపు చాలదా?" అంటుంది మనవరాలు. నాకు చాలదు. నేను పెరిగిన ఊళ్లో డప్పు కొట్టేవాళ్లను దగ్గరగా చూశాను. పాటకాడు నోరు తెరవగానే డప్పు తగ్గుతుంది. దెబ్బ ఆగదు, అంచు మీదికి జరుగుతుంది, మాటకు దారి ఇస్తుంది. పాటకాడు ఊపిరి తీసుకునే చోట మళ్లీ లేస్తుంది. ఎవరూ నేర్పకుండానే వాళ్లకు తెలిసిన మర్యాద అది. ఇవాళ పెద్ద పెద్ద స్టూడియోల్లో తయారయ్యే పాటల్లో నాకు ఆ మర్యాదే తక్కువగా కనిపిస్తోంది. వాయిద్యాలు మాట మీద ఎక్కి కూర్చుంటున్నాయి. ఇది ఒక్క పాట గురించి అంటున్నది కాదు, ఈ రెండు మూడేళ్లుగా వచ్చిన హుషారు పాటల్లో చాలావాటి గురించి అంటున్నాను.

మరి నచ్చినవి లేవా అంటే, ఉన్నాయి. సంక్రాంతికి వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమాలో గోదారి గట్టు పాట. భాస్కరభట్ల గారి మాటలు, భీమ్స్ సంగీతం. చాలా ఏళ్ల తర్వాత రమణ గోగుల గొంతు మళ్లీ విన్నాం. పక్కన మధుప్రియ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు 'ఆడపిల్లనమ్మా' అని పాడి మన అందరినీ ఏడిపించిన పిల్ల ఇవాళ ఇంత చిలిపిగా పాడుతుంటే, మన కళ్ల ముందే పెరిగిన పిల్ల కదా అనిపించింది. ఆ పాట నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. అది పెళ్లయి, పిల్లలు పుట్టి, సంసారంలో మునిగిపోయిన జంట పాట. మన సినిమాల్లో ప్రేమ పాటలు పెళ్లితో ఆగిపోతాయి. ఆ తర్వాత కూడా భార్యాభర్తల మధ్య ఒక సరసం ఉంటుందని, దానికీ ఒక బాణీ కట్టొచ్చని ఎవరో ఒకరు గుర్తు చేస్తే ఎంత బాగుంటుందో.

ఈ నెలలోనే వచ్చిన 'ది గర్ల్‌ఫ్రెండ్' సినిమాలో 'నదివే' అని ఒక పాట ఉంది. రాకేందు మౌళి రాశారు, సంగీతం హేషమ్ అబ్దుల్ వహాబ్. నేను తెలుగు టీచర్‌ని కాబట్టి ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. నదివే. ఎంత చిన్న మాట! క్రియాపదం లేదు, నువ్వు అన్న మాట కూడా విడిగా లేదు. నదికి 'వి' చేర్చగానే 'నువ్వు నదివి' అయిపోయింది. దాని మీద ఒక 'ఏ' చేర్చగానే 'నువ్వు నదివే సుమా, మర్చిపోయావా' అన్నంత అర్థం వచ్చింది. ముప్పై ఏళ్లు క్లాసులో నామవాచకాలకు పురుష ప్రత్యయాలు ఎలా చేరతాయో బోర్డు మీద రాసి రాసి చెప్పాను. పిల్లలు ఆవులించారు. ఈ మాట అప్పుడు నా చేతిలో ఉండి ఉంటే ఆ పాఠం ఐదు నిమిషాల్లో అయిపోయేది. నీరసించిపోయిన ఒక అమ్మాయిని పట్టుకుని నువ్వు నదివే అని చెప్పడానికి మన భాష మూడక్షరాలు చాలంటోంది. దీన్ని విని వదిలేస్తే ఎలా? రాసుకుని చూడాలి.

నేను పాటలు వినే పద్ధతి అదే. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు ఉంది. పాట నచ్చితే ఫోన్ పక్కన పెట్టుకుని, ఆపుతూ, మళ్లీ వింటూ మాటలు రాసుకుంటాను. రాసేటప్పుడు తెలుస్తుంది పాట అసలు బలం ఎంతో. కొన్ని పాటలు పల్లవి దాటగానే కాగితం మీద చతికిలబడిపోతాయి. చెవికి బాగున్న లైన్ కంటికి ఖాళీగా కనిపిస్తుంది. కొన్ని పాటలు అట్లా కాదు. బాణీ తీసేసినా నిలబడతాయి. పైన పాట పేరు, కింద రాసినవారి పేరు రాసుకుంటాను. ఇక్కడే నాకు కోపం వస్తుంది. నేను పాటలు వినే ఒక యాప్‌లో హీరో బొమ్మ ఉంటుంది, సంగీత దర్శకుడి పేరు ఉంటుంది, పాడినవారి పేర్లు ఉంటాయి. రాసినవారి పేరు కోసం మూడు చోట్ల నొక్కి వెతకాలి, చాలాసార్లు అప్పటికీ దొరకదు. పోయిన నెల ఒక కాలేజీకి వెళ్లి ఓ పాట పేరు చెప్పి, రాసిందెవరు అని అడిగాను. స్టెప్పులు ఎవరు వేయించారో చెప్పారు. ఆ స్టెప్పు వేసి కూడా చూపించారు. రాసినవారి పేరు ఒక్కరూ చెప్పలేదు.

నేను అడిగిన పాట ఏమిటో తెలుసా? 'బలగం' సినిమాలో 'ఊరు పల్లెటూరు'. ఈ ఆగస్టు ఒకటో తేదీన ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ గీత రచన ఆ పాటకే వచ్చింది. రాసిన కాసర్ల శ్యామ్ మన హనుమకొండ మనిషి. మంగ్లీ, రామ్ మిరియాల పాడారు. సినిమా వచ్చింది 2023 మార్చిలో. అంటే రెండేళ్లు దాటింది, పాత పాటే అనొచ్చు మీరు. అవార్డు వచ్చాక నేను దాన్ని మళ్లీ రాసుకుని చదివాను కాబట్టి నాకు ఈ ఏడాది పాటే. అందులో కవి గొప్ప ఊహలేం చేయలేదు. ఊళ్లో ఉన్నవాటిని ఉన్నట్టు పిలిచాడు. చుట్టరికం పెట్టి పిలిచాడు. పిలవడం కూడా కవిత్వమేనని నాకు ఆ పాట కాగితం మీద చూశాక అర్థమైంది.

కానీ 'బలగం' అనగానే నా చెవిలో మోగేది ఆ పాట కాదు, చివరి పాట. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడింది. బుడగ జంగాల కళాకారులు, మన దుగ్గొండి వాళ్లు. నేను ఆ సినిమా థియేటర్‌లో చూడలేదు, మా అమ్మగారి ఊళ్లో చూశాను. పంచాయతీ ఆఫీసు ముందు తెల్ల తెర కట్టారు. చాపలు, గోనెసంచులు తెచ్చుకుని ఊరంతా నేల మీద కూర్చున్నారు. నా పక్కన మా చిన్నమ్మ. ఆమెకూ, మా బాపు చెల్లెలు, అంటే మా మేనత్తకూ పొలం గట్టు దగ్గర మాట పట్టింపు వచ్చి పదకొండేళ్లు మాటల్లేవు. మేనత్త అవతల వరసలో కూర్చుంది. తెర మీద పదకొండో రోజు కర్మ దగ్గర మొగిలయ్య తంబూర పట్టుకుని గొంతెత్తగానే అంతవరకు గోల చేస్తున్న చిన్నపిల్లలు కూడా ఆగిపోయారు. ఆ గొంతు తియ్యని గొంతు కాదు. ఎన్నో చావుల ఇళ్ల ముందు నిలబడి పాడిన గొంతు. మా చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పాట అయ్యాక లేచి, చాప మడుస్తూ, ఎవరివైపూ చూడకుండా, "ఆమెకు మోకాళ్లు నొస్తయట, ఇంటిదాకా ఎవరన్న తోలుకపోండి" అన్నది. ఆమె అంటే ఎవరో అందరికీ తెలుసు. ఆ ఏడు ఎన్నో ఊళ్లలో ఇట్లా తెరలు కట్టి చూపించారు, విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పేపర్లలో చదివాం. నేను చదవడమే కాదు, చూశాను.

మొగిలయ్య గారు పోయిన ఏడాది డిసెంబరులో కిడ్నీల జబ్బుతో చనిపోయారు. ఆయన పోయాక నేను ఆలోచించింది ఇది. బుడగ జంగాలవాళ్లు తరతరాలుగా ఇంటి ముందుకొచ్చి కథలు చెప్పారు, పాడారు. మనం గింజలు పెట్టి పంపాం. ఒక్కరి పేరు అడిగామా? స్కూల్లో లైబ్రరీ బాధ్యత కొన్నాళ్లు నాదే. కొత్త పుస్తకం రాగానే రిజిస్టర్‌లో ఎక్కించాలి. వరుస నంబరు, పుస్తకం పేరు, గ్రంథకర్త. జానపద గేయాల పుస్తకం వచ్చినప్పుడల్లా గ్రంథకర్త గడి దగ్గర నా పెన్ను ఆగేది. సేకరించిన ప్రొఫెసర్ గారి పేరు రాసేదాన్ని. పాడినవాళ్ల పేరు ఎక్కడ రాయాలి? ఆ రిజిస్టర్‌లో అందుకు గడి లేదు. సినిమా వల్లనైనా మొగిలయ్య, కొమురమ్మ అన్న రెండు పేర్లు మనకు తెలిశాయి. ఆ సినిమా తీసిన వేణు ఎల్దండి గారికి నేను ఇందుకే ఎక్కువ రుణపడి ఉన్నాను.

ఇక అందెశ్రీ గారు. మొన్న పదో తేదీన పోయారు. నేను ఈ ప్రసంగానికి రాసుకున్న కాగితాల్లో ఆయన పేరు బతికున్న మనిషి పేరుగానే ఉంది. ఆ పేజీ చించి మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. (కొద్దిసేపు మౌనం.) బడికి పోని మనిషి. గొడ్లు కాశారు, తాపీ పని చేశారు. మన కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆయన రాసిన 'జయ జయహే తెలంగాణ' గత ఏడాది రాష్ట్ర గీతం అయింది, కీరవాణి గారు సంగీతం కట్టారు. నా అభిప్రాయం అడిగితే, ఆ ఆర్కెస్ట్రా పాట ఘనంగా ఉంది, సర్కారు కార్యక్రమానికి తగినట్టుగా ఉంది. కానీ ఉద్యమం రోజుల్లో ఏ మైకు సెట్టూ సరిగ్గా లేని సభల్లో జనం లేచి నిలబడి శ్రుతి కలిసీ కలవకుండా పాడినప్పుడు ఉన్న వణుకు నాకు ఇందులో దొరకలేదు. అది ఎవరి తప్పూ కాదు. ఆ వణుకు స్టూడియోలో పుట్టేది కాదు. పిల్లలూ, మీరు పరీక్షల కోసం రాష్ట్ర గీతం రచయిత ఎవరు అని బిట్ చదువుకుంటారు. ఒక మార్కు వస్తుంది. ఇవాళ ఇంటికి వెళ్లాక ఆయన సొంత గొంతుతో పాడింది ఒక్కసారి వినండి.

ఇప్పుడు పుస్తకాలు. నా మంచం పక్కన ఇప్పుడు నాలుగు ఉన్నాయి. అన్నిటికంటే పైన ఉన్నది పతంజలి శాస్త్రి గారి 'రామేశ్వరం కాకులు', 2023 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన కథల పుస్తకం. అది ఈ మధ్యే మొదలుపెట్టాను, కాబట్టి దాని గురించి వచ్చే ఏడాది పిలిస్తే చెప్తాను. మిగతా మూడూ పూర్తయ్యాయి, ఒకటి రెండోసారి కూడా.

గోరటి వెంకన్న గారి 'వల్లంకి తాళం'. దీనికి 2021లో అకాడమీ అవార్డు వచ్చింది, నేను ఈ వేసవిలో చదివాను. పల్లె కన్నీరు పెడుతోందని పాడిన వెంకన్న గొంతు తెలియనివారు ఈ గదిలో ఉండరు. మరి ఆ గొంతు తెలిసినవాళ్లం ఆయన పుస్తకాన్ని ఎలా చదవాలి? మొదటి రోజు నేను పుస్తకం చదివినట్టే కళ్లతో చదివాను. లైన్లు పొట్టిగా, ఒకటే మాట తిరిగి తిరిగి వస్తూ, ఏదో వెలితిగా అనిపించింది. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్కపోతకు వాకిట్లో వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, ఎవరూ లేరు కదా అని కాస్త గొంతు తీసి చదివాను. పుస్తకం మారిపోయింది. కంటికి వెలితిగా ఉన్నచోట నోటికి ఊపిరి దొరికింది. తిరిగి తిరిగి వచ్చే మాట విసుగు కాదు, అది దరువు. పిట్టల పేర్లు, చెట్ల పేర్లు వరసగా వస్తుంటే నాకు తెలియకుండానే తల ఊగింది. మౌనంగా చదవకూడని పుస్తకాలు కొన్ని ఉంటాయి. మన గ్రంథాలయాల్లో 'నిశ్శబ్దం పాటించండి' అని రాసి ఉంటుంది, అది అవసరమే. కానీ వారానికి ఒక్క గంట, ఒక్క గదిలో, గొంతు తీసి చదువుకోనివ్వండి సార్. ఇది ఈ సభలో నేను చేస్తున్న ఒకే ఒక్క విన్నపం.

రెండో పుస్తకం మధురాంతకం నరేంద్ర గారి నవల 'మనోధర్మపరాగం'. 2022 అవార్డు దానిది. దేవదాసీ కుటుంబాల ఆడవాళ్ల జీవితం, వాళ్ల సంగీతం ఆ నవలకు ప్రాణం. నాకు కర్ణాటక సంగీతం పెద్దగా తెలియదు. అందుకే మొదటి యాభై పేజీలు కష్టపడ్డాను, అది నిజం. సంగీతం తెలిసిన ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టుకుని మనోధర్మం అంటే ఏమిటని అడిగాను. కీర్తన ఎవరో రాసి, స్వరం కట్టి పెట్టింది. దాన్ని నేర్చుకున్నది నేర్చుకున్నట్టు పాడాలి. కానీ రాగాలాపన, నెరవు, కల్పనస్వరం దగ్గరికి వచ్చేసరికి కాగితం ఉండదు. అక్కడ పాడేవాళ్లు ఆ క్షణాన తమలోంచి తీసి పాడాలి. అదే మనోధర్మం అని చెప్పింది. ఆ మాట తెలిశాక నవల తలుపు తెరుచుకుంది. బతుకంతా ఇంకెవరో రాసిపెట్టిన ఆడవాళ్లు. ఆ కొద్దిసేపు, కల్పనస్వరం దగ్గర, వాళ్ల సొంతం. ఎంత మంచి పేరు పెట్టారో ఆ నవలకు.

ఆ నవల చదువుతున్నన్నాళ్లూ నాకు దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు గుర్తుకొస్తూనే ఉన్నారు. ఆమె కథ మీకు కొద్దిగా చెప్పాలి. తంజావూరులో ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికాసాంత్వనము' రాసింది. తన వంశం చెప్పుకునేటప్పుడు ముందుతరాల ఆడవాళ్ల పేర్లతో చెప్పుకుంది. 1887లో ఆ కావ్యం అచ్చయినప్పుడు కొన్ని పద్యాలతో పాటు ఆ వంశం చెప్పిన భాగాన్నీ తీసేశారు. వినండి, శృంగారం ఎక్కువైందని పద్యాలు తీసేశారంటే ఆ కాలం అభ్యంతరం అనుకోవచ్చు. ఆ ఆడవాళ్ల పేర్లు ఏం పాపం చేశాయి? నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, తీసేసినవన్నీ మళ్లీ చేర్చి, 1910లో వావిళ్లవారి చేత అచ్చు వేయించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947లో ప్రకాశం పంతులు గారు ఎత్తేసేదాకా ఉంది. ముప్పై ఏళ్లకు పైగా! తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించింది కూడా ఆమే, తన సొంత డబ్బుతో. అక్కడ ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే వాళ్లను కూడగట్టి వేరుగా పాడించింది. ఆ గుడికి ఇప్పుడు దాదాపు నూరేళ్లు. ప్రతి పుష్యమాసంలో అక్కడ పాడే త్యాగరాజ పంచరత్న కీర్తనలు టీవీలో వస్తాయి, మా ఇంట్లో అందరం వింటాం. ఇన్నేళ్లలో ఒక్కసారీ నేను ఆ గుడి ఎవరు కట్టించారని అడగలేదు. కాలేజీ పిల్లల మీద ఇందాక కోపం చూపించాను కదా, ఆ తప్పు నాదీ.

మూడోది నాకు అన్నిటికంటే దగ్గరైన పుస్తకం. రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన 'ఢావ్లో'. గోర్ బంజారా, అంటే మన లంబాడీల కథలు. పోయిన ఏడాది సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. నిజామాబాద్ వైపు తండాలో పుట్టిన కుర్రాడు, ఇంకా ముప్పై కూడా లేవు. ఈ పుస్తకం గురించి చెప్పాలంటే ఒక పెళ్లి గురించి చెప్పాలి.

ఇరవై ఏళ్ల కిందట నేను మహబూబాబాద్ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసేదాన్ని. పదో తరగతిలో తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి వాళ్ల అక్క పెళ్లికి పిలిచింది. ఆదివారం, వెళ్లాను. అప్పగింతల టైమ్. పెళ్లికూతురు ముందు వాళ్లమ్మ మెడ పట్టుకుంది. ఏడుస్తోంది. ఆ ఏడుపు సాగి సాగి, ఒకచోట విరిగి, మళ్లీ మొదటికొచ్చి అందుకుంటోంది. తర్వాత చిన్నమ్మ మెడ, తర్వాత అన్న, తర్వాత పక్కింటి ముసలమ్మ. ఒక్కొక్కరి దగ్గరా మళ్లీ మొదటినుంచీ. ముసుగు చివర కుట్టిన అద్దాలు ఎండకు మెరుస్తూ ఊగుతున్నాయి. నాకు కడుపు తరుక్కుపోయి, పక్కనే ఉన్న నా స్టూడెంట్‌తో, "పోయి అక్కను కాస్త ఊరుకోబెట్టమ్మా, అంతసేపు ఏడిస్తే జ్వరం వస్తుంది" అన్నాను. ఆ పిల్ల నావైపు వింతగా చూసి, "అక్క ఊకె ఏడుస్తలేదు టీచర్. పాడుతుంది" అంది.

పాడుతోంది! తెలుగు ఎమ్మే చదివి, ఛందస్సు పాఠం చెప్పే నాకు, ఎదురుగా జరుగుతున్నది పాట అని తెలియలేదు. ఆ రోజు సిగ్గుపడ్డాను కానీ, అది ఏ పాట, దాని పేరేమిటి అని కూడా అడగకుండా భోజనం చేసి వచ్చేశాను. ఇరవై ఏళ్ల తర్వాత ఈ పుస్తకం చేతికొచ్చింది. ఢావ్లో అంటే అదే. పుట్టింటిని విడిచిపోయేటప్పుడు ఆడపిల్ల ఏడుస్తూ పాడే పాట. మా స్టూడెంట్ వాళ్లక్క పాట పేరు నాకు ఒక కథల పుస్తకం అట్ట మీద దొరికింది.

కథల్లో గోర్ మాటలు చాలా వస్తాయి. నా తోటి టీచరు ఒకావిడ, "ఇన్ని తెలియని మాటలుంటే ఎలా చదువుతాం" అని పుస్తకం తిరిగి ఇచ్చేసింది. నేను ఒప్పుకోను. మా తండా పిల్లలు ఆరేళ్ల వయసులో బడికొచ్చి ఒక్క మాట తెలియని భాషలో అఆలు దిద్దారు. పదేళ్లు మన మాటలు నేర్చుకున్నారు, మన పద్యాలు అప్పచెప్పారు. మనం నూట యాభై పేజీల్లో వాళ్ల మాటలు ఓ ఇరవై నేర్చుకోలేమా? అయినా రెండు కథలు దాటేసరికి ఆ మాటలు వాటంతటవే అర్థమవడం మొదలవుతాయి. ఏది తినేదో, ఏది కట్టుకునేదో, ఏది దేవతో తెలిసిపోతుంది. నాకు కొరతగా అనిపించింది ఒకటే. కొన్ని కథలు ఇంకొంచెం సేపు ఉండాల్సింది. మనుషులు పరిచయమై, వాళ్ల వాకిట్లో కూర్చునేలోపే కథ లేచి వెళ్లిపోతుంది. ఈ పిల్లవాడు ఒక పెద్ద నవల రాయాలి. నేను బతికుండగా రాయాలి.

కార్యదర్శి గారి ప్రశ్నకు వస్తాను. లైబ్రరీలో పాటలా అని కదా. చంద్రబోస్ గారిది మన పక్కనే, చిట్యాల దగ్గర చల్లగరిగ. ఆయన రాసిన 'నాటు నాటు'కు 2023లో ఆస్కార్ వచ్చింది. ఆ తర్వాత ఆయన సొంత ఊళ్లో ఏం కట్టించారో చాలామందికి తెలియదు. గ్రంథాలయం కట్టించారు. ప్రపంచమంతా ఎగిరిన పాట చివరికి వచ్చి ఒక ఊళ్లో పుస్తకాల అలమర పక్కన కూర్చుంది. ఇంతకంటే నేను చెప్పే జవాబు ఏముంటుంది సార్?

ఇప్పుడు మెట్ల మీద అమ్మాయి. గూడూరు దగ్గర తండా నుంచి వచ్చి ఇక్కడ రూమ్ తీసుకుని పరీక్షలకు చదువుకుంటోంది. నా చేతిలో 'ఢావ్లో' చూసి, "మేడమ్, ఇది మా పాట పేరు" అంది. పుస్తకం ఉందని ఆమెకు తెలియదు. అట్ట మీద ఆ మాట తెలుగు అక్షరాల్లో చూడడం ఇదే మొదటిసారట, వేలితో తడిమి చూసింది. నాకు ఆశ పుట్టింది. "సభలో రెండు లైన్లు పాడతావా తల్లీ" అని అడిగాను. అక్కడికక్కడే వాళ్లమ్మకు ఫోన్ చేసింది. చాలాసేపు గోర్‌బోలిలో మాట్లాడింది. ఫోన్ పెట్టేసి, "వద్దంది మేడమ్. అది ఊరికే పాడేది కాదంట. మెడ పట్టుకోవడానికి మనిషి ఉండాలంట" అంది.

అందుకని ఆ పాట ఇవాళ మనం వినడం లేదు. ఆ అమ్మాయి పుస్తకంలోంచి రెండు పేజీలు చదువుతుంది. గోర్ మాటలు వచ్చినచోట ఎలా పలకాలో అలాగే పలుకుతుంది, నాలాగా తప్పుగా కాదు. రామ్మా, ఇటు రా. మైకు నీ ఎత్తుకు దించుతాను.